సమాజశాస్త్రం చదవాలా, వద్దా?



పి.యు.సి. ఫలితాలు వచ్చాయంటే మన బట్లహళ్ళి వైపు ప్రతి ఇంట్లోనూ ఒకే మాట. "ఇంక ఏం చదవాలి?" సైన్సు తీసుకున్న వాళ్ళకు దారి ముందే గీసినట్టుంటుంది. కామర్సు వాళ్ళకు లెక్కలున్నాయి, బ్యాంకులున్నాయి. ఆర్ట్సు పిల్లల దగ్గరకు వచ్చేసరికి పెద్దల గొంతు కాస్త తగ్గుతుంది. అందులోనూ "నేను సమాజశాస్త్రం చదువుతాను" అని పిల్ల అంటే, "అదేం చదువమ్మా? దాంతో ఏమొస్తుంది?" అని నాన్న అడుగుతాడు.

ఆ ప్రశ్న తప్పు కాదు. మూడేళ్ళ ఫీజు, చింతామణికో కోలారుకో బస్సు ఖర్చు, హాస్టలు ఖర్చు. టొమాటో ధర మీద, డెయిరీ డబ్బు మీద నడిచే ఇంట్లో ఆ ప్రశ్న అడగకపోతేనే తప్పు. ఈనాటి ప్రసంగంలో దానికి నిజాయితీగా జవాబు వెదుకుదాం.

ముందు ఈ శాస్త్రం ఏమిటో చూద్దాం. మనుషులు కలిసి బ్రతికే తీరును పద్ధతిగా పరిశీలించేది సమాజశాస్త్రం. మన వైపు బోరుబావినే తీసుకోండి. వెయ్యి అడుగులు దాటినా నీళ్ళు పడతాయో లేదో తెలియదు. నీళ్ళు ఎక్కడున్నాయని భూగర్భ శాస్త్రజ్ఞుడు చూస్తాడు. పెట్టిన డబ్బు తిరిగి వస్తుందా అని అర్థశాస్త్రం చదివినవాడు లెక్క వేస్తాడు. సమాజశాస్త్రం చదివినవాడు వేరే ప్రశ్నలు వేస్తాడు. నీళ్ళు పడినవాడి మాటకు ఊళ్ళో విలువ ఎందుకు పెరిగింది? పడనివాడు ఎవరి దగ్గర అప్పు చేశాడు? అన్నదమ్ముల మధ్య పంపకం ఎలా మారింది? బావి ఎండిపోయాక బెంగళూరుకు ముందుగా ఎవరు వెళ్ళారు, ఊళ్ళో ఎవరు మిగిలారు? బావి ఒక్కటే, ప్రశ్నలు వేరు.

ఇవి పల్లెటూరి కబుర్లు కదా, వీటికి విశ్వవిద్యాలయం ఎందుకు అని మీకు అనిపించవచ్చు. మన రాష్ట్రపు మనిషి సంగతి చెబుతాను, వినండి. ఎం.ఎన్. శ్రీనివాస్ 1916లో మైసూరులో పుట్టారు. 1948లో మైసూరుకు దగ్గరలో ఉన్న ఒక పల్లెకు వెళ్ళి, అక్కడే నివాసముండి, జనం మధ్య తిరిగి, చూసినదంతా వ్రాసుకున్నారు. తన పుస్తకాల్లో ఆ ఊరికి 'రాంపుర' అని పేరు పెట్టారు. 1970లో అమెరికాలో ఆయన పనిచేస్తున్న చోట నిప్పు అంటుకుని, ఏళ్ళ తరబడి సిద్ధం చేసుకున్న నోట్సు కాలిపోయింది. ఆయన జ్ఞాపకం మీద ఆధారపడి ఆ ఊరిని గురించి మళ్ళీ వ్రాశారు. ఆ పుస్తకం 1976లో వెలువడింది. ఒక పల్లెను అంత శ్రద్ధగా చూస్తే, దేశమంతటికీ పనికివచ్చే భావాలు పుడతాయని ఆయన నిరూపించారు. సంఖ్యాబలం, భూమి, పలుకుబడి ఉన్న కులం ఊరిని ఎలా నడుపుతుందో వివరించే 'ప్రాబల్య కులం' అన్న భావన ఆయనదే.

తెలుగు నేల మీదా ఇలాంటి పని జరిగింది. హైదరాబాదుకు దగ్గరలోని శామీర్‌పేటను ఉస్మానియా విశ్వవిద్యాలయం నుండి ఎస్.సి. దూబే బృందం పరిశీలించింది. ఆ పుస్తకం 1955లో వచ్చింది.

మెట్టభూమి వాళ్ళమైన మనకు ఇంకా దగ్గరైన పరిశోధన మరొకటుంది. స్కార్లెట్ ఎప్‌స్టైన్ అనే ఆమె 1950లలో మండ్య జిల్లాలో రెండు ఊళ్ళను చూసింది. తన పుస్తకంలో వాటిని వాంగల, దాలేన అని పిలిచింది. వాంగలకు కాలువ నీళ్ళు వచ్చాయి, చెరకు వచ్చింది. దాలేన పొలాలకు ఆ నీళ్ళు అందలేదు. ఎక్కువ మార్పు ఏ ఊళ్ళో వచ్చి ఉంటుంది? నీళ్ళొచ్చిన ఊళ్ళోనే అనుకుంటాం. కానీ వాంగలలో డబ్బు పెరిగినా, యజమాని కూలీ సంబంధాలూ పాత కట్టుబాట్లూ చాలావరకు అలాగే నిలిచాయి. నీళ్ళు రాని దాలేన వాళ్ళు బయటి ఉద్యోగాలకూ వ్యాపారాలకూ వెళ్ళారు. పాత సంబంధాలు అక్కడే ఎక్కువగా సడలాయి. మనం ఊహించినదానికి తలకిందులుగా ఉన్న ఇలాంటి నిజం, ఓపికగా చూస్తేనే బయటపడుతుంది.

ఇంకొకటి చెప్పక తప్పదు. 2000 సంవత్సరం మార్చి 11న మన చింతామణి తాలూకాలోనే, కంబాలపల్లిలో ఏడుగురు దళితులను సజీవంగా దహనం చేశారు. 2006లో విచారణ కోర్టు నిందితులను విడిచిపెట్టింది. సాక్షులు ముందు చెప్పిన మాట మీద నిలబడలేదు. నేరం ఎవరు చేశారన్నది కోర్టు తేల్చవలసిన విషయం. అయితే ఒకే ఊళ్ళో పుట్టి, ఒకే భాష మాట్లాడే మనుషుల మధ్య అంత ద్వేషం ఎలా పేరుకుంది? చూసినవాళ్ళు ఎందుకు నోరు మెదపలేకపోయారు? ఎవరి పొలంలో ఎవరు కూలి చేస్తున్నారు? ఎవరి భయం ఎవరి అన్నంతో ముడిపడి ఉంది? ఇవి సమాజశాస్త్రపు ప్రశ్నలు. పక్క ఊరి గాయం గురించి తెలిసినవాళ్ళకు ఇది ఊరికే కాలక్షేపం చదువని అనిపించదు.

ఇప్పుడు నాన్నగారి ప్రశ్నకు వద్దాం. ఉద్యోగం సంగతి. బి.ఏ.లో సమాజశాస్త్రం చదివినంత మాత్రాన ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వరు. ఇది ముందే తెలుసుకోండి. ఏ డిగ్రీ అయినా సరిపోయే పోటీ పరీక్షలకు మాత్రం అర్హత వస్తుంది. కేంద్ర సివిల్ సర్వీసు మెయిన్సులో సమాజశాస్త్రం ఐచ్ఛిక విషయంగా ఉంది. అందరూ వ్రాయవలసిన జనరల్ స్టడీస్‌లోనూ భారతీయ సమాజం గురించి అడుగుతారు. డిగ్రీ కళాశాలలో పాఠం చెప్పాలంటే ఎం.ఏ. మీద నెట్ గానీ కె-సెట్ గానీ కావాలి. పి.యు. కళాశాలలో అయితే ఎం.ఏ.తో పాటు బి.ఎడ్. అడుగుతారు. సర్వేలు చేసే సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు కూడా ఉన్నాయి. కానీ అక్కడ చేరగానే పెద్ద జీతం ఆశించకండి.

చాలామంది పొరపాటు పడే విషయం ఒకటి. సమాజశాస్త్రం వేరు, సోషల్ వర్కు వేరు. కష్టంలో ఉన్న కుటుంబానికి నేరుగా తోడ్పడే శిక్షణ కావాలంటే ఎం.ఎస్.డబ్ల్యూ. వైపు చూడండి. ఆ కష్టం ఎందుకు వచ్చిందో, ఎంతమందికి వచ్చిందో తెలుసుకోవాలని ఉంటే ఇటు రండి.

కళాశాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. మన జిల్లా డిగ్రీ కళాశాలలు బెంగళూరు ఉత్తర విశ్వవిద్యాలయం కిందికి వస్తాయి. 2021లో పెట్టిన నాలుగేళ్ళ డిగ్రీ పద్ధతిని కర్ణాటకలో తీసివేసి, 2024 నుండి మళ్ళీ మూడేళ్ళ డిగ్రీ తెచ్చారు. చేరే ముందు కళాశాలకు వెళ్ళి మూడు సంగతులు అడగండి. ఈ విషయానికి అధ్యాపకులు ఉన్నారా? దీనితో కలిపి ఏ విషయాలు ఇస్తారు? గ్రంథాలయంలో పుస్తకాలు ఉన్నాయా? తర్వాత టీచరు ఉద్యోగానికి వెళ్ళాలనుకుంటే, ఆ విషయాల కలయిక బి.ఎడ్.కు, నియామకానికి సరిపోతుందో లేదో ఇప్పుడే కనుక్కోండి. ఇంటి పరిస్థితి వల్ల రోజూ కళాశాలకు వెళ్ళలేని వాళ్ళకు మైసూరు ముక్త విశ్వవిద్యాలయమూ, ఇగ్నో దూరవిద్యా ఉన్నాయి.

భాష గురించి దిగులు పడవద్దు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, పుస్తకాల్లో ఇంగ్లీషు అని మన పిల్లలు కుంగిపోతుంటారు. ఇంగ్లీషు చదవడం తప్పకుండా నేర్చుకోవాలి. కానీ జనంతో మాట్లాడి తెలుసుకోవలసిన శాస్త్రంలో రెండు భాషలు నోటికి వచ్చి ఉండడం పెద్ద పెట్టుబడి. కైవార తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ పాడిన నేల మనది. మదనపల్లె వైపు వెళ్ళినా, మైసూరు వైపు వెళ్ళినా మీకు దుబాసీ అక్కర లేదు.

చివరగా, మీకు మీరే పెట్టుకోగల ఒక పరీక్ష. ఒక వారం రోజులు పొద్దున్నే మీ ఊరి పాల డెయిరీ దగ్గర నిలబడండి. ఎవరు వస్తున్నారు, ఆడవాళ్ళెంతమంది, మగవాళ్ళెంతమంది, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, పాలు పోసేది ఎవరు, డబ్బు ఎవరి చేతికి వెళుతున్నది, చూసింది చూసినట్టు వ్రాయండి. మీ అభిప్రాయం ఒక్క ముక్క కూడా వ్రాయవద్దు. ఏడో రోజుకు విసుగు పుడితే, ఈ చదువు మీకు కాదు. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు, వేరే దారి చూసుకోండి. మొదటి రోజు కన్నా ఏడో రోజు ఎక్కువ ప్రశ్నలు పుడితే మాత్రం, ఆ కాగితాలు తీసుకెళ్ళి మీ నాన్నగారికి చదివి వినిపించండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. డబ్బు సంగతి దాచకుండా పిల్లలతో చెప్పండి. ఎన్నేళ్ళు చదివించగలరో, ఎప్పటికి సంపాదన కావాలో ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకోండి. "దాంతో ఏమొస్తుంది" అని తప్పకుండా అడగండి. కానీ అడిగాక, పిల్ల చెప్పే జవాబు పూర్తయ్యేదాకా వినండి.