మిష్కాల్ మస్జిద్ నుండి పొన్నాని వరకు

అద్దె కారు, నమాజు వేళలు ముందే మాట్లాడుకున్న స్థానిక మార్గదర్శి ఉంటే మలబారు తీరంలోని రెండు రేవు పట్టణాలను ఒక్క రోజులో చూడవచ్చు.

ఉదయం కోళిక్కోడ్‌లో మిష్కాల్ మస్జిద్ చూశాము. గుమ్మటం లేదు, మినార్ లేదు. కొయ్య అంతస్తులు, పెంకుల కప్పు. 1510లో పోర్చుగీసులు దీనికి నిప్పు పెట్టారని, ఆ కాలిన గుర్తులు పై అంతస్తులో నేటికీ ఉన్నాయని మార్గదర్శి చెప్పగా పిల్లలు మౌనం వహించారు.

జుహ్ర్ వేళకు పొన్నాని చేరాము. 16వ శతాబ్దంలో ఇక్కడి పండితుడు షేఖ్ జైనుద్దీన్ మఖ్దూమ్ తన అరబీ గ్రంథం ‘తుహ్‌ఫతుల్ ముజాహిదీన్’లో పోర్చుగీసుల దౌర్జన్యాలను నమోదు చేశారు. ముస్లింలను ఆదరించిన హిందూ పాలకుల మేలునూ అందులోనే రాశారు.

“కోపంలో కూడా మేలును మరువలేదా?” అని మా అబ్బాయి అడిగాడు. మరువకపోవడమే న్యాయమని చెప్పాము.