ఏసీ అరగంటకే ఎందుకు మొరాయిస్తుంది?

ప్రశ్న: ముంబై కామాటిపురలో ఉంటాం, టాక్సీ నడుపుతాను. ఏసీ అరగంట బాగా చల్లగా వస్తుంది, తర్వాత గాలే తగ్గిపోతుంది. కాసేపు ఆపి వేస్తే మళ్లీ మామూలే. గ్యాస్ రెండుసార్లు నింపించాను. ఎందుకిలా?

జవాబు: మీరు చెప్పేదాన్ని బట్టి లోపల మంచు కడుతోంది. డాష్‌బోర్డు వెనక చల్లబడే జాలీ ఒకటి ఉంటుంది, ఇవాపరేటర్ అంటారు. ముంబై గాలిలో తడి ఎక్కువ. ఆ తడి జాలీ మీద నీళ్లయి, గొట్టం గుండా బండి కిందికి కారిపోవాలి. జాలీ సున్నా డిగ్రీలకు దిగితే ఆ నీళ్లే గడ్డకట్టి గాలికి దారి మూసేస్తాయి. ఏసీ ఆపితే కరుగుతాయి, గాలి మళ్లీ ఆడుతుంది.

అంతదాకా రాకుండా కాపలా కాసేది జాలీకి గుచ్చి ఉండే టెంపరేచర్ సెన్సర్. చాలా బండ్లలో 3, 4 డిగ్రీల దగ్గర కంప్రెసర్ ఆగేది దీని మాట మీదే. అందులో ఉన్నది థర్మిస్టర్: చల్లబడితే దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది, వేడెక్కితే తగ్గుతుంది. అందుకే తీగ తెగి రెసిస్టెన్స్ అంతులేనంతగా కనిపిస్తే, బండి దాన్ని గడ్డకట్టే చలిగా లెక్కేసి కంప్రెసర్‌ను వేయనే వేయదు. ఆ లోపం వెంటనే తెలిసిపోతుంది. ఉన్నదానికన్నా నాలుగైదు డిగ్రీలు ఎక్కువ చెప్పే సెన్సరే చిక్కు. కంప్రెసర్ ఆగాల్సిన చోట ఆగదు. సెన్సర్ మంచిదే అయినా జాలీలోంచి ఊడి పక్కకు జరిగితే ఇదే జరుగుతుంది.

ఎలా తేల్చుకోవాలి? ముందు క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. దుమ్ము పట్టి ఉంటే తప్పు దానిదే కావచ్చు. గ్యాస్ తక్కువైనా మంచు కడుతుంది, కాబట్టి గేజి పెట్టించి ప్రెషర్ చూపించమనండి. రెండూ బాగుంటే సెన్సర్ వంతు.

ఇంజిన్ ఆపి, కనెక్టర్ ఊడదీసి, సెన్సర్ బయటికి తీయండి. మల్టీమీటర్ లేకపోతే మీ పక్కనే లామింగ్టన్ రోడ్డులో దొరుకుతుంది. మీటర్‌ను ఓమ్స్ మీద పెట్టి మూడు లెక్కలు రాసుకోండి: గది గాలిలో ఒకటి, పిడికిట్లో పట్టుకుని ఒకటి, ఐసు గోలా బండి నుంచి తెచ్చిన ఐసు తురుమును గ్లాసులో వేసి కాసిన్ని నీళ్లు పోసి, అందులో ముంచి ఒకటి. మొనను ప్లాస్టిక్ సంచిలో చుట్టండి, కనెక్టర్ తడవకూడదు. పిడికిట్లో అంకె మెల్లగా దిగాలి. ఐసులో బాగా పెరగాలి. చాలా సెన్సర్లలో 25 డిగ్రీల దగ్గర ఉన్నదానికి మూడింతల దాకా పోతుంది. అంకె కదలకపోయినా, తీగ కదిపితే గంతులేసినా సెన్సర్ పోయినట్టే. సాఫీగా కదిలినా చాలదు, మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో సున్నా డిగ్రీలకు ఇచ్చిన అంకెతో పోల్చండి. అబద్ధమాడే సెన్సర్ అక్కడే దొరుకుతుంది.

ఇళ్లు కట్టే పనికొచ్చిన కామాటీల పేరే మీ పేటకు నిలిచింది. గోడ వంకరనిపిస్తే కూల్చే ముందు తూకం గుండు వేలాడదీసి చూడటం తాపీ పని పద్ధతి. మూడోసారి గ్యాస్ నింపించే ముందు మీరూ ఆ ఐసు గ్లాసు పని చూడండి.