ఉప్పుగాలికి ఊడని అతుకు

నెల్లూరు తీరాన మైపాడు, ఇస్కపల్లి వంటి పల్లెల జాలరులు పూర్వం కడలిపై నడిపిన తెప్పలో జిగురు అనేది చుక్కయినా ఉండేది కాదు. దుంగలను పక్కపక్కన చేర్చి తాళ్ళతో బిగించేవారు. కోరమండల్ తీరపు మసూలా పడవల పలకలను కొబ్బరిపీచు తాటితో కుట్టేవారు. అలలకు వంగి లేచే పడవకు ఆ కట్టే తగినది. పైగా ఆనాటి జిగుళ్ళన్నీ నీటికి లొంగేవే. తోళ్ళు, ఎముకలు ఉడికించి తీసే సరేసు తడి తగిలితే మెత్తబడుతుంది. పాల నుండి తీసే కేసీన్ జిగురు కొంత మేలుగాని, ఎడతెగని తేమలో అదీ బూజుపట్టి చెడిపోతుంది. మరి నేడు పడవలకు సైతం పనికివచ్చే ప్లైవుడ్ ఎలా సాధ్యమయింది?

చెక్కకు ఒక గుణం ఉంది. తేమ పీల్చినప్పుడు అది నార పొడవున దాదాపు పెరగదు. నారకు అడ్డంగా మాత్రం బాగా ఉబ్బుతుంది. అందుచేత దుంగను తిప్పుతూ కత్తితో పలుచని పొరలుగా ఒలిచి, ఒక పొర నారకు మరొక పొర నార అడ్డంగా వచ్చేటట్లు పేర్చి అతికిస్తారు. ఒక పొర ఉబ్బబోతే పక్క పొర దానిని పట్టి ఆపుతుంది. ఇదే ప్లైవుడ్. ఈ పెనుగులాట భారమంతా మధ్యనున్న జిగురు మీదనే పడుతుంది. జిగురు ఓడితే పలక విడిపోతుంది.

వేడితో అతికే పదార్థాలు రెండు విధాలు. కత్తికి పిడి బిగించేటప్పుడు లక్కను కరిగించి పోస్తాము. చల్లారితే గట్టిపడుతుంది, మళ్ళీ వేడిచేస్తే కరుగుతుంది. కోడిగ్రుడ్డు అలా కాదు. ఒకసారి ఉడికిందంటే ఎంత వేడిచేసినా మళ్ళీ ద్రవం కాదు. 1907లో లియో బేక్‌లాండ్ ఫినాల్, ఫార్మాల్డిహైడ్‌లను కలిపి రూపొందించిన బేకలైట్ ఈ రెండవ జాతిది. వేడికి దాని అణువులు అన్ని దిక్కులా ముడిపడి వలవలె అల్లుకుపోతాయి. ఆ వలను నీరు విప్పలేదు.

ఈ చర్యను సగంలో ఆపితే ఏమవుతుంది? పొడిగా, చేతికి అంటకుండా ఉండే రెసిన్ మిగులుతుంది. పలుచని కాగితానికి దీనిని పట్టించి ఆరబెట్టినదే జిగురు పొర. 1930 ప్రాంతంలో జర్మనీలోని గోల్డ్‌ష్మిట్ సంస్థ ‘టెగో’ అనే పేరుతో దీనిని తయారుచేసింది. కాగితాన్ని చెక్కపొరల మధ్య పరచి, సుమారు 140 డిగ్రీల సెంటిగ్రేడుకు కాచిన ఇనుప పలకల నడుమ కొన్ని నిమిషాలు గట్టిగా నొక్కుతారు. రెసిన్ మొదట కరిగి చెక్క రంధ్రాలలోకి పారుతుంది. పిమ్మట శాశ్వతంగా గట్టిపడుతుంది.

ద్రవపు జిగురు ఉండగా కాగితమెందుకు? ఒక చిన్న లెక్క చూద్దాం. ఒకటిన్నర మిల్లీమీటర్ల మందంగల మూడు పొరలతో చదరపు మీటరు పలక చేస్తున్నామనుకొందాం. ఘనమీటరుకు 600 కిలోల సాంద్రతగల చెక్క అయితే పలక బరువు 2.7 కిలోలు. రెండు అతుకులకూ కలిపి 300 గ్రాముల జిగురు పూస్తే, అందులో సగం నీరైనా 150 గ్రాములు. అనగా చెక్క తేమ ఒక్కసారిగా అయిదున్నర శాతం పెరుగుతుంది. పలుచని పొర ఉబ్బి ముడతలు పడుతుంది. పొడి కాగితం ఆ నీటిని తేదు.

అయితే చెక్కలో బొత్తిగా తేమ లేకపోయినా ఇబ్బందే. రెసిన్ సరిగా పారదు. సుమారు 6 నుండి 12 శాతం వరకు తేమ ఉండాలి. నెల్లూరు తీరపు చిక్కు ఇక్కడే ఉంది. పడమటి వడగాలికి గాలిలో తేమ 40 శాతానికి దిగితే చెక్కలో తేమ ఏడున్నర శాతం దగ్గర నిలుస్తుంది. ఈశాన్య ఋతుపవన దినాల్లో గాలి తేమ 80 శాతమైతే అదే చెక్కలో అది సుమారు 16 శాతానికి చేరుతుంది. అటువంటి పొరను 140 డిగ్రీల వద్ద నొక్కితే లోపలి నీరు ఆవిరై, వాతావరణ పీడనానికి మూడున్నర రెట్లు ఒత్తిడితో తన్నుతుంది. పలకలను ఎడం చేయగానే చెక్క బుడగలు కట్టి చిట్లుతుంది. కావున ముందుగా పొరలను ఆరబెట్టే యంత్రంలో ఎండించి, వెంటనే అతికించాలి. చివర ఒత్తిడిని మెల్లగా సడలించాలి.

జిగురును తేలికగా తీసుకొంటే ఎంత నష్టమో రెండవ ప్రపంచయుద్ధం చూపింది. 1943లో వుప్పర్టాల్‌లోని టెగో కర్మాగారం బాంబుదాడిలో నాశనమయింది. జర్మన్లు బదులుగా వాడిన జిగురులోని ఆమ్లం చెక్కనే తినివేసింది. 1944 డిసెంబరు 10న వియన్నా వద్ద హైంకెల్ 162 విమానం ఎగురుతుండగా రెక్క భాగం అతుకు విడి ఊడిపోయి, చోదకుడు మరణించాడు.

నేడు ప్లైవుడ్ కర్మాగారాలలో చవకైన ద్రవపు జిగుళ్ళే ఎక్కువగా వాడుతున్నారు. అయినా రెసిన్ కాగితం మన కళ్ళెదుటనే ఉంది. స్లాబుకు వాడే నున్నని గోధుమరంగు సెంట్రింగ్ పలకల పైపొర, బల్లల మీది సన్‌మైకా ఇటువంటివే. జిగురు పొర సూత్రం అంతరిక్షానికీ చేరింది. 2022 వరకు నెల్లూరు జిల్లాలో ఉండిన శ్రీహరికోట నుండి ఎగిరే ఉపగ్రహాలలో, తేనెపట్టువంటి అల్యూమినియం నిర్మాణానికి ఇరువైపులా పలుచని రేకులను ఎపాక్సీ జిగురు పొరలతో, వేడిచేసి అతికిస్తారు.

పడవలకు వాడే ప్లైవుడ్ ముక్కను భారతీయ ప్రమాణం ప్రకారం 72 గంటలు మరిగే నీటిలో ఉంచి పరీక్షిస్తారు. పాఠశాలలో ఇంకా సులభమైన పరీక్ష చేయవచ్చు. ఒక చెక్కముక్కను మే నెలలోను, నవంబరులోను తూచండి. తరువాత ప్రయోగశాల ఓవెనులో 103 డిగ్రీల వద్ద బరువు మారకుండా నిలిచేవరకు ఎండించి మళ్ళీ తూచండి. తగ్గిన బరువును ఎండు బరువుతో భాగించి నూటితో హెచ్చవేస్తే తేమ శాతం వస్తుంది. వానాకాలంలో తలుపులు ఎందుకు బిగుసుకొంటాయో, జిగురుకు ఎంత పని పడుతుందో విద్యార్థులకు ఆ అంకెలే చెబుతాయి.