ఎంఈడీ చేసినా హెచ్‌ఎం కుర్చీ దూరమే!

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల: ఉపాధ్యాయ ఉద్యోగం వచ్చిన తరువాత చదువు ఆగిపోదు. సింహాద్రిపురం, పెద్దముడియం, రాజుపాళెం మండలాల బడుల్లో పాఠాలు చెప్పే ఎస్జీటీలలో చాలామంది సాయంత్రం ఇంటికి చేరాక తామే విద్యార్థులవుతున్నారు. బీఈడీ, ఎంఈడీ, ఎంఏ ఎడ్యుకేషన్‌, పరిపాలనలో పీజీ డిప్లొమా అంటూ దరఖాస్తులు నింపుతున్నారు. అయితే ఏ చదువు దేనికి పనికివస్తుందన్న విషయంలో అయోమయం మాత్రం తగ్గలేదు. ఫీజు కట్టి, రెండేళ్లు కష్టపడి పట్టా సంపాదించిన పిదప, పదోన్నతి జాబితాలో తన పేరు లేదని తెలుసుకున్నవారి ఆవేదన ఉపాధ్యాయుల మధ్య తరచూ వినిపించేదే.

చిక్కు ఎక్కడంటే, పదోన్నతికి కావలసిన అర్హత వేరు, కొలువు నిలుపుకోవడానికి కావలసిన అర్హత వేరు, బడిని నడపడానికి కావలసిన జ్ఞానం వేరు. ఈ మూడింటినీ ఒకే పట్టా తీర్చదు.

తొలిమెట్టు బీఈడీయే

ఎస్జీటీగా చేరినవారు స్కూల్‌ అసిస్టెంటు కావాలంటే సంబంధిత సబ్జెక్టులో డిగ్రీ, బీఈడీ తప్పనిసరి. 12 ఏళ్ల సర్వీసు పూర్తయినప్పుడు లభించే స్కేలుకు సైతం పదోన్నతి అర్హతలే కొలమానం. కాబట్టి పదోన్నతి ఆలస్యమైనా, బీఈడీ లేని లోటు నెలనెలా జీతంలోనే కనిపిస్తుంది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో బీఈడీ అభ్యర్థులు ప్రాథమిక పాఠశాల పోస్టులకు అనర్హులయ్యారు. ఫలితంగా 2025 మెగా డీఎస్సీ ద్వారా ఎస్జీటీ కొలువుల్లోకి వచ్చినవారు డీఈడీ అర్హతపై చేరినవారే. వీరిలో బీఈడీ లేనివారందరూ ముందుముందు ఈ మెట్టు ఎక్కవలసిందే.

బీఈడీని 2014 నాటి జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) నిబంధనలు రెండేళ్ల కోర్సుగా మార్చాయి. దూరవిద్యలో బీఈడీ ఉన్నమాట నిజమే గానీ అది అందరికీ కాదు. అప్పటికే శిక్షణ పొంది ప్రాథమిక స్థాయిలో పనిచేస్తున్నవారికి, లేదా నేరుగా తరగతులకు హాజరై మండలి గుర్తింపు ఉన్న ఉపాధ్యాయ కోర్సు పూర్తిచేసినవారికి మాత్రమే. డీఈడీ ఉన్న ఎస్జీటీకి ఈ దారి తెరిచే ఉంది. ప్రొద్దుటూరు వీధుల్లోని ప్రైవేటు బడుల్లో కేవలం డిగ్రీతో పాఠాలు చెబుతున్న యువతీయువకులకు మాత్రం మూసుకుపోయినట్లే. వారు ఎడ్‌సెట్‌ రాసి రెగ్యులర్‌ కళాశాలలో చేరాలి. జిల్లాలోని బీఈడీ కళాశాలలు 2006లో ఏర్పడిన యోగివేమన విశ్వవిద్యాలయం పరిధిలోకి వస్తాయి. రెగ్యులర్‌ కోర్సుకు 80 శాతం, బోధనాభ్యాసానికి 90 శాతం హాజరు నిబంధన. ఉదయమంతా ప్రైవేటు బడిలో ఉంటూ అదే సమయంలో కళాశాలలో ఉన్నట్లు కాగితాలు సృష్టించుకుంటే, ధ్రువపత్రాల పరిశీలన నాడు ఆ రెండు రికార్డులే ఒకదానికొకటి సాక్ష్యం చెబుతాయి.

ప్రధానోపాధ్యాయ పదవికి...

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఉన్నత పాఠశాల గెజిటెడ్‌ ప్రధానోపాధ్యాయ పదోన్నతికి ఎంఈడీ అర్హత కాదు. డిగ్రీ, బీఈడీతోపాటు ఏపీపీఎస్సీ నిర్వహించే డిపార్ట్‌మెంటల్‌ పరీక్షలు ఉత్తీర్ణులై ఉండాలి. వాటిలో ముఖ్యమైనవి గెజిటెడ్‌ ఆఫీసర్స్‌ టెస్టు, ఎగ్జిక్యూటివ్‌ ఆఫీసర్స్‌ టెస్టు. ఉపాధ్యాయుల నోట ఇవి జీవోటీ, ఈవోటీ. ఆపైన సీనియారిటీ ఉండనే ఉంది. ఎంఈడీలో ప్రథమ శ్రేణి తెచ్చుకుని ఈవోటీ రాయని స్కూల్‌ అసిస్టెంటు కన్నా, బీఈడీతో ఆగి ఈ రెండు పరీక్షలు గట్టెక్కినవారే ముందుంటారు. ఇది న్యాయమా అన్న చర్చ వేరు. నిబంధన మాత్రం ఇదే.

మరి ఎంఈడీ ఎందుకు? డైట్‌లలోను, బీఈడీ కళాశాలలలోను బోధించాలనుకునేవారికి అది ప్రాణం. కడప జిల్లాకు చాలాకాలం ఆధారమైన రాయచోటి డైట్‌ 2022 ఏప్రిల్‌ 4 నాటి జిల్లాల విభజనతో అన్నమయ్య జిల్లాలో చేరింది. ఎంఈడీని దూరవిద్యలో చేద్దామనుకునేవారు ఒకటి గమనించాలి. 2014 నిబంధనలు దూరవిద్యకు అనుమతించిన కోర్సులు డీఈఎల్‌ఈడీ, బీఈడీ మాత్రమే. వాటిలో ఎంఈడీ లేదు. అంతకుముందు అనుమతులున్న కాలంలో దూరవిద్య ద్వారా ఎంఈడీ చేసినవారిని చూసి ఇప్పుడు బయలుదేరితే మోసపోయే ప్రమాదముంది. ఇగ్నో అందించే ఎంఏ ఎడ్యుకేషన్‌ దూరవిద్యలో చేయవచ్చు. అయితే అది ఎంఈడీకి పేరు మార్చిన రూపం కాదు. బీఈడీతో కలిపి చూసినప్పుడు ఉపాధ్యాయ విద్యా కళాశాలల్లో కొన్ని బోధనా పోస్టులకు పనికివస్తుంది, అంతే.

పరీక్షకూ ప్రతిభకూ పొత్తు కుదరకపోవడం ఈ గడ్డకు కొత్త కాదు. ప్రొద్దుటూరులో తెలుగు బోధించిన పుట్టపర్తి నారాయణాచార్యులు విద్వాన్‌ పరీక్షకు కూర్చున్నప్పుడు, తాను బాల్యంలో రచించిన ‘పెనుగొండ లక్ష్మి’ కావ్యమే పాఠ్యగ్రంథంగా ఎదురైంది. ఆ కావ్యంపై వచ్చిన చిన్న ప్రశ్నకు పేజీలకు పేజీలు జవాబు రాసి ఆయన మార్కులు పోగొట్టుకున్నారని సాహితీపరులు నేటికీ చెప్పుకుంటారు.

టెట్‌ కత్తి

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు వెలువరించిన తీర్పు సర్వీసులో ఉన్నవారిని సైతం పుస్తకాల ముందు కూర్చోబెట్టింది. ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు బోధించేవారిలో పదవీ విరమణకు అయిదేళ్లకు మించి గడువున్నవారు రెండేళ్లలో టెట్‌ ఉత్తీర్ణులు కావాలని, లేనిపక్షంలో వైదొలగవలసి వస్తుందని ధర్మాసనం స్పష్టం చేసింది. అయిదేళ్లలోపు సర్వీసు మిగిలినవారు టెట్‌ లేకుండా కొనసాగవచ్చు గానీ పదోన్నతి కోరరాదు. రాష్ట్రంలో తొలి టెట్‌ జరిగింది 2011లో. అంటే 2008 డీఎస్సీ వరకు ఎంపికైనవారెవరూ ఆ పరీక్ష ముఖం చూడలేదు. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నవారు 150 మార్కుల ప్రశ్నపత్రంతో మళ్లీ కుస్తీ పట్టాలి. జనరల్‌ అభ్యర్థులకు 60 శాతం, బీసీలకు 50, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 40 శాతం ఉత్తీర్ణతా మార్కులు. ఈ పరిస్థితిలో కొత్త పీజీ కోర్సులో చేరాలా, ముందు టెట్‌ గట్టెక్కాలా అన్నది పెద్దగా ఆలోచించవలసిన ప్రశ్న కాదు.

కుర్చీ ఎక్కాక నేర్చుకునే చదువు

ఇన్ని పరీక్షలు దాటి ప్రధానోపాధ్యాయుడైన వ్యక్తి మొదటి వారంలోనే మరో లోకంలో అడుగుపెడతారు. నిన్నటిదాకా త్రికోణమితి చెప్పినవారు నేడు వేతన బిల్లులపై సంతకం పెట్టే అధికారి. బిల్లులో ఒక అంకె తప్పితే బడిలోని సిబ్బందికి జీతాలు ఆగుతాయి. మధ్యాహ్న భోజనం లెక్కలు, యూడైస్‌ వివరాలు, యాప్‌లలో హాజరు నమోదు, తరగతి గది మరమ్మతులు అన్నీ ఆయన తలపైనే. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలుండాలి. ఊళ్లోని రెండు వర్గాలవారు ఆ కమిటీలో ఎదురెదురుగా కూర్చున్నప్పుడు సమావేశాన్ని ఎలా నడపాలో జీవోటీ పుస్తకాల్లో ఉండదు. సీమ పల్లెల్లో ఇది చిన్న విషయమేమీ కాదు.

పరిపాలనా చదువుల అసలు అవసరం ఇక్కడే. ఇగ్నో విద్యా నిర్వహణ, పరిపాలన పీజీ డిప్లొమాను దూరవిద్యలో అందిస్తోంది. కనీస వ్యవధి ఏడాది. ఢిల్లీలోని జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థ (నీపా) విద్యాధికారుల శిక్షణకే పుట్టినది. దానిలో 2012 నుంచి పాఠశాల నాయకత్వ కేంద్రం పనిచేస్తోంది. ఆంగ్ల బోధనలో పట్టు కోరేవారికి హైదరాబాద్‌ ఇఫ్లూ, విద్యార్థుల మార్గదర్శనం, కౌన్సెలింగ్‌పై ఆసక్తి ఉన్నవారికి మైసూరు ప్రాంతీయ విద్యా సంస్థ ఉన్నాయి. ఇవేవీ పదోన్నతి జాబితాలో పేరును ఒక్క అంకె పైకి జరపవు. అందువల్లనే వీటికి గిరాకీ తక్కువ. కుర్చీ ఎక్కాక చేసే పొరపాట్లకు మాత్రం మూల్యం పిల్లలు చెల్లిస్తున్నారు.

చేరే ముందు చూడవలసినవి

దూరవిద్య కోర్సుకు యూజీసీ దూరవిద్యా బ్యూరో అనుమతి తాను చేరే విద్యా సంవత్సరానికి ఉన్నదీ లేనిదీ స్వయంగా చూసుకోవాలి. ఉపాధ్యాయ శిక్షణ కోర్సయితే ఎన్‌సీటీఈ గుర్తింపు కూడా ఉండాలి. ‘హాజరు అక్కరలేదు, పట్టా ఇంటికే’ అనే మధ్యవర్తి మాటకు విలువ లేదు. ఛత్తీస్‌గఢ్‌లో పుట్టగొడుగుల్లా వెలసిన వందకు పైగా ప్రైవేటు విశ్వవిద్యాలయాల ఏర్పాటును సుప్రీంకోర్టు 2005 ఫిబ్రవరిలో కొట్టివేసిన ఉదంతం గుర్తుండే ఉంటుంది.

పులివెందుల నుంచి కడపకు సుమారు 70 కిలోమీటర్లు. లింగాల వంటి మండలాలవారికి ఆదివారం కాంటాక్ట్‌ తరగతి అంటే రోజంతా ప్రయాణమే. ఇంటి బాధ్యతలున్న మహిళా ఉపాధ్యాయులు సగంలో మానేయడానికి ఇదో కారణం. అధ్యయన కేంద్రం ఎక్కడ, పరీక్షా కేంద్రం ఎక్కడ అని ఫీజు కట్టకముందే అడగడం మేలు. సర్వీసులో ఉన్నవారు ఎంఈవో లేదా ప్రధానోపాధ్యాయుని ద్వారా ముందస్తు అనుమతి తీసుకుని, ఉత్తీర్ణత అనంతరం ఆ వివరాన్ని సర్వీసు రిజిస్టరులో నమోదు చేయించుకోవాలి. పట్టా బీరువాలో ఉండి రిజిస్టరులో లేకపోతే, పదోన్నతుల జాబితా తయారయ్యే వేళ అభ్యంతరాల గడువులోపు కార్యాలయం చుట్టూ తిరగక తప్పదు.