200 యూనిట్లు దాటకుండా ఎండాకాలం గడవాలంటే ముందు మిద్దె చూసుకోండి

కంప్లిలో మార్చి దాటిందంటే కరెంటు బిల్లు మీద కన్నేసి ఉంచాల్సిందే. గృహజ్యోతి వచ్చాక బిల్లు సున్నా అని నిశ్చింతగా ఉన్న ఇళ్లలో కూడా ఏప్రిల్, మే నెలల్లో వెయ్యికి పైన బిల్లు రావడం చూస్తున్నాం. "ఫ్రీ అన్నారు కదా, ఇదేంటి?" అని అడిగేవాళ్లు ఎక్కువ. కారణం మీటరు కాదు, పథకం లెక్కే అలా ఉంది.

2023లో కర్ణాటక ప్రభుత్వం ఈ పథకం తెచ్చినప్పుడు అందరికీ 200 యూనిట్లు ఉచితంగా ఇవ్వలేదు. 2022-23లో మీ ఇంటి నెలవారీ సగటు ఎంతో, దాని మీద 10 శాతం కలిపి ఆ మేరకే ఉచితం. సగటు 100 ఉంటే మీకు 110. ఆ పైన వాడినదానికి డబ్బు కట్టాలి. 200 దాటితే మాత్రం ఆ నెల రాయితీ మొత్తం పోతుంది, మొదటి యూనిట్ నుంచీ కట్టాలి. పాత వాడకం లెక్క లేని కొత్త కనెక్షన్లకు 58 యూనిట్లే ఇచ్చారు. తెలంగాణలో ఉన్న మన బంధువులు చెప్పే గృహజ్యోతి వేరు. పేరు ఒకటే గానీ, అక్కడ ఈ సగటు గొడవ లేదు.

యూనిట్‌కు సుమారు ఆరు రూపాయలు అనుకుందాం. మే నెలలో 225 యూనిట్లు కాలితే స్థిర చార్జీ, పన్ను కాక 1350 రూపాయలు. అదే ఇల్లు 165 దగ్గర ఆగితే, ఉచితం 110 పోను 55 యూనిట్లకు 330. ఆ 60 యూనిట్లు ఎక్కడ తగ్గించాలన్నదే ప్రశ్న.

ఫ్యాన్ల దగ్గర తగ్గించవచ్చు. పాత ఫ్యాన్ 75 వాట్లు తింటుంది. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు దాదాపు 34 యూనిట్లు. బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల దగ్గర తిరుగుతుంది, నెలకు 13 నుంచి 14 యూనిట్లు. మూడు ఫ్యాన్లు మారిస్తే 60 యూనిట్లు మిగిలినట్టే. ధర మామూలు ఫ్యాన్ కంటే ఎక్కువ కాబట్టి అన్నీ ఒకేసారి వద్దు, రాత్రీ పగలూ తిరిగేదాన్ని ముందు మార్చండి. పాత రెగ్యులేటర్ తీసేసి నేరుగా కలపమని ఎలక్ట్రీషియన్‌కు గుర్తు చేయండి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద కూడా ఇవి ఎక్కువసేపు తిరుగుతాయి.

అయితే ఫ్యాన్ గదిలో ఉన్న గాలినే తిప్పుతుంది. మిద్దె వేడెక్కి ఉంటే అది వేడిగాలే. మన తాతల చౌడు మిద్దెల్లో మందమైన మట్టి, పైన గవాచి ఉండేవి. మధ్యాహ్నం కూడా లోపల పడుకోగలిగేవాళ్లం. వాటిని పడగొట్టి నాలుగైదు అంగుళాల స్లాబు వేసుకున్నాం. అది పగలంతా ఎండను తాగి, రాత్రి మనం పడుకునే వేళకు కిందికి వదులుతుంది. తుంగభద్ర ఆయకట్టు కోసం వచ్చి క్యాంపుల్లో స్థిరపడినవాళ్ల రేకుల ఇళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. (చౌడు మిద్దెకు ఏటా మట్టి వేసే కష్టం, వాన కారడం కూడా గుర్తే, అందుకే మళ్లీ అది కట్టుకోమని అనడం లేదు.)

స్లాబుకైనా రేకుకైనా చవకైన మందు తెలుపు. తెల్లటి పైకప్పు ఎండను వెనక్కి కొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి, ప్రభుత్వ భవనాలతో పాటు 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాల్లోని ఇళ్లకూ దీన్ని తప్పనిసరి చేసింది. మామూలు సున్నం చవక గానీ మొదటి పెద్ద వానకే కరిగిపోతుంది, మా ఇంట్లో అదే జరిగింది. ఏటా కొట్టుకునే ఓపిక ఉంటే సున్నం చాలు, లేకపోతే పైకప్పులకని అమ్మే తెల్ల రంగు రెండు కోట్లు వేయించుకోండి. పగుళ్లు ముందు పూడ్చాలి, తర్వాతే రంగు. వరికోతల దుమ్ము పట్టి నల్లబడితే సగం పని చేయదు, ఎండాకాలానికి ముందు ఒకసారి కడగండి. తెల్ల మిద్దె మీద వడియాలు పెట్టేటప్పుడు కళ్లు జిగేల్‌మంటాయి, అదొక్కటే ఇబ్బంది.

ఏసీ ఉన్నవాళ్లు ముందే ఒక నిర్ణయానికి రావాలి. రాత్రి ఏడెనిమిది గంటలు ఏసీ వేస్తే 200 లోపు ఉండడం కష్టం. తప్పదంటే 26 దగ్గర పెట్టి, ఫ్యాన్ కూడా వేసుకుని, రెండు మూడు గంటలకు ఆపేయండి. గీజరు ఎండాకాలంలో ఎలాగూ అక్కర్లేదు, మెయిన్ స్విచ్ ఆపేసి పెట్టండి.

రీడింగ్ తీసుకున్న రోజు అంకెను క్యాలెండరు మీద రాసుకుని, పదిహేనో రోజున మీటరు మళ్లీ చూడండి. తేడా 100 దాటి ఉంటే మిగతా పదిహేను రోజులు జాగ్రత్తపడటానికి ఇంకా సమయం ఉంటుంది.