హైదరాబాద్ ఎఫ్.సి. ఆర్థిక సంక్షోభం

హైదరాబాద్ ఎఫ్.సి. 2019లో హైదరాబాదు కేంద్రంగా స్థాపించబడిన వృత్తి ఫుట్‌బాల్ క్లబ్బు. ఇది 2019-20 నుండి 2024-25 వరకు ఇండియన్ సూపర్ లీగ్ (ఐ.ఎస్.ఎల్.)లో ఆడినది. 2022లో లీగ్ విజేతగా నిలిచిన ఈ క్లబ్బు, రెండేళ్ళు తిరగకముందే ఆటగాళ్ళకు జీతాలు చెల్లించలేని స్థితికి చేరినది. 2025 అక్టోబరులో ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారినది. క్లబ్బు యజమాని ఆర్థిక స్తోమతను ఎవరు, ఎప్పుడు పరిశీలించాలి అన్న ప్రశ్నకు తెలుగునాట ఇది ముఖ్యమైన ఉదాహరణ.

స్థాపన

మహారాష్ట్రకు చెందిన ఎఫ్.సి. పుణె సిటీ ఆర్థిక ఇబ్బందులతో మూతపడగా, 2019 ఆగష్టులో లీగ్‌లో దాని స్థానం హైదరాబాదుకు లభించినది. తొలి యజమానులు విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని. గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి క్రీడామైదానం సొంత మైదానంగా ఉండేది. అంటే ఒక క్లబ్బు పతనం నుండే ఈ క్లబ్బు పుట్టినది.

విజయం

తొలి సీజనులో జట్టు పట్టికలో అట్టడుగున నిలిచినది. 2020లో స్పెయిన్ దేశస్థుడైన మనోలో మార్క్వెజ్ శిక్షకుడిగా వచ్చిన తరువాత పరిస్థితి మారినది. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌తో ఆట 1-1తో సమానం కాగా, పెనాల్టీలలో హైదరాబాదు 3-1తో గెలిచినది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలను ఆపాడు.

అయితే కోవిడ్ కారణంగా 2020-21, 2021-22 సీజన్లు పూర్తిగా గోవాలోనే జరిగినవి. విజేత జట్టుకు ఆ రెండేళ్ళు సొంత ఊరిలో ఒక్క టిక్కెట్టు అమ్ముకునే అవకాశం కూడా లేదు. ఐ.ఎస్.ఎల్. క్లబ్బులలో ఆదాయానికి, ఖర్చుకు మధ్య లోటును సాధారణంగా యజమానులే పూడ్చవలసి ఉంటుంది. యజమాని చేయి ఆడకపోతే ఆ భారం మొదట పడేది జీతాల మీదనే.

సంక్షోభం

2023 నాటికి బకాయిలు బయటపడినవి. ఫిఫా నిబంధనల ప్రకారం రెండు నెలల జీతం అందని ఆటగాడు 15 రోజుల గడువుతో నోటీసు ఇచ్చి, అప్పటికీ చెల్లించకపోతే ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. బకాయి తీర్చని క్లబ్బు కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకోకుండా నిషేధం విధించవచ్చు. హైదరాబాదు విషయంలో ఈ రెండూ జరిగినవి. పలువురు ఆటగాళ్ళు వెళ్ళిపోయారు, కొత్తవారిని తీసుకునే దారి మూసుకుపోయినది. విదేశీ ఆటగాళ్ళలో జోవావ్ విక్టర్ మాత్రమే మిగిలాడు. శిక్షకుడు థాంగ్‌బోయ్ సింగ్టో యువ ఆటగాళ్ళతో సీజను పూర్తి చేయవలసి వచ్చినది. 2023-24లో 22 మ్యాచ్‌లకు గాను ఒక్కటే గెలుపు, 12 జట్లలో చివరి స్థానం. ఆ కుర్రాళ్ళను తప్పుపట్టడానికి ఏమీ లేదు.

2024లో బి.సి. జిందాల్ గ్రూపు క్లబ్బును తీసుకున్నది. మరుసటి సంవత్సరమే క్లబ్బు నగరాన్ని విడిచినది.

పరిశీలన విధానం

ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య లైసెన్సు విధానంలో క్రీడ, వసతులు, సిబ్బంది, చట్టం, ఆర్థికం అను ఐదు విభాగాలు కలవు. భారతదేశంలో ఈ లైసెన్సులను అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఏటా జారీ చేస్తుంది. నిబంధనలు తీర్చలేని క్లబ్బులకు మినహాయింపు ఇచ్చే వెసులుబాటు కూడా ఉన్నది, దానిని పలుమార్లు వాడుకున్నారు. లోపం ఇక్కడే ఉన్నది. లైసెన్సు పాత లెక్కలను చూస్తుంది, రాబోయే పన్నెండు నెలల జీతాలకు సొమ్ము ఎక్కడిదో గట్టిగా పట్టుబట్టదు.

ఇంగ్లండులో 2004 నుండి యజమానులకు అర్హత పరీక్ష కలదు. అయినా 1885లో పుట్టిన బరీ క్లబ్బు 2019 ఆగష్టులో, అనగా హైదరాబాద్ ఎఫ్.సి. పుట్టిన నెలలోనే, లీగ్ నుండి బహిష్కరించబడినది. కొత్త యజమాని నిధుల రుజువు చూపకముందే కొనుగోలు పూర్తయినది. ఇటువంటి అనుభవాల పిదప బ్రిటిష్ పార్లమెంటు 2025లో చట్టం చేసి స్వతంత్ర నియంత్రణ సంస్థను ఏర్పరచినది.

తెలుగు రాష్ట్రాలపై ప్రభావం

అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు కరవు పల్లెల బాలబాలికలకు ఫుట్‌బాల్ శిక్షణ ఇస్తున్నది. అక్కడ యజమాని లాభాపేక్ష లేదు, నడిచేది విరాళాలతో. అటువంటి చోట ఆట నేర్చినవారికి హైదరాబాద్ ఎఫ్.సి. అందుబాటులో ఉన్న అత్యున్నత స్థాయి జట్టుగా ఉండేది. 2025 అక్టోబరుతో ఐ.ఎస్.ఎల్.లో తెలుగు రాష్ట్రాల జట్టు లేకుండా పోయినది.