వయోజనులకు టేబుల్ టెన్నిస్ నేర్పే కోచ్: ఉండవలసిన లక్షణాలు

5.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• వయోజనులు ఆటను నేర్చుకునే తీరు పిల్లల తీరుకు ఎలా భిన్నమో వివరించగలరు.
• వయోజనులకు నేర్పే మంచి కోచ్ లక్షణాలను ఉదాహరణలతో చెప్పగలరు.
• ఒక శిక్షణా తరగతిని చూసి దాని గుణదోషాలను అంచనా వేయగలరు.

5.1 పరిచయం

తెలుగు ప్రాంతంలో టేబుల్ టెన్నిస్ శిక్షణ అనగానే హైదరాబాదుకు చెందిన ఆకుల శ్రీజ, ఆమె కోచ్ సోమనాథ్ ఘోష్ గుర్తుకు వస్తారు. శ్రీజ 2022లో జాతీయ మహిళా సింగిల్స్ విజేతగా నిలిచింది. అదే సంవత్సరం బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో శరత్ కమల్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్‌లో స్వర్ణ పతకం సాధించింది. చిన్నతనంలో మొదలుపెట్టి, ఏళ్ల తరబడి కోచ్ కళ్లెదుట సాగే సాధన ఫలితమిది.

పెద్దవూరలోనో, మిర్యాలగూడలోనో నలభై ఏళ్ల వయసులో తొలిసారి బ్యాట్ పట్టుకునే ఉపాధ్యాయురాలి పరిస్థితి వేరు. ఆమెకు దొరికేది వారానికి రెండు మూడు సాయంత్రాలు మాత్రమే. అందులోనూ కోచ్ పక్కన ఉండే సమయం ఇంకా తక్కువ. మిగతా సాధనంతా తోటివారితోనే. కాబట్టి వయోజనుల కోచ్‌ను అంచనా వేయడానికి ప్రధానమైన కొలబద్ద ఒకటుంది: కోచ్ లేనప్పుడు కూడా అభ్యాసకులు తమ తప్పును తామే గుర్తించి దిద్దుకోగలుగుతున్నారా? ఈ పాఠంలోని మిగతా అంశాలన్నీ ఈ ప్రశ్నకు సంబంధించినవే.

5.2 వయోజనుల అభ్యసన స్వభావం

అమెరికా విద్యావేత్త మాల్కమ్ నోల్స్ వయోజన విద్యపై చేసిన కృషి ప్రసిద్ధమైనది. ఆయన ప్రకారం వయోజనులు తమ అభ్యసనాన్ని తామే నడుపుకోవాలనుకుంటారు. ఏదైనా ఎందుకు నేర్చుకోవాలో ముందుగా తెలుసుకోగోరుతారు. తమ పాత అనుభవాన్ని వెంట తెచ్చుకుంటారు.

ఆటలో ఈ అనుభవం మేలూ చేస్తుంది, అడ్డంకీ అవుతుంది. షటిల్ ఆడినవారికి చూపు, కదలిక చురుకుగా ఉంటాయి. కాని షటిల్‌ను గాలిలోనే కొట్టే అలవాటు వల్ల, బంతి తమవైపు బల్లపై పడి లేచేదాకా ఆగలేరు. అందుకే మంచి కోచ్ తొలిరోజే, "ఇంతకుముందు మీరు ఏ ఆట ఆడేవారు?" అని అడుగుతారు. ఆ జవాబును బట్టి దేన్ని వాడుకోవాలో, దేన్ని మాన్పించాలో నిర్ణయిస్తారు.

5.3 నైపుణ్యం ఏర్పడే దశలు

ఫిట్స్, పోస్నర్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు 1967లో నైపుణ్యాభ్యసనాన్ని మూడు దశలుగా వివరించారు. మొదటి దశలో అభ్యాసకుడు ప్రతి కదలికనూ ఆలోచించి చేస్తాడు. రెండో దశలో తప్పులు తగ్గి, కదలికలు ఒకదానితో ఒకటి కుదురుకుంటాయి. మూడో దశలో ఆలోచించకుండానే చేయి పనిచేస్తుంది.

మొదటి దశలో ఉన్నవారికి మోచేయి, మణికట్టు, మోకాలు, చూపు గురించి ఒకేసారి చెబితే ఒక్కటీ నిలవదు. ఒక విడతలో ఒక్క సూచన చాలు.

5.4 మంచి కోచ్ లక్షణాలు

(అ) గౌరవం: ఇరవై రెండేళ్ల కోచ్ దగ్గరకు నలభై అయిదేళ్ల వ్యక్తి రావచ్చు. "మీరు" అని పిలవడం, నలుగురి ముందు గద్దించకపోవడం మర్యాద మాత్రమే కాదు, బోధనకు అవసరం కూడా. చిన్నబుచ్చుకున్న వయోజనుడు వాదించడు; మరునాటి నుంచి రావడం మానేస్తాడు.

(ఆ) ఫలితంపై దృష్టి: "చేయి ఇలా తిప్పండి" అనడం కంటే, బల్లకు అటువైపు మూలలో ఒక కాగితం ఉంచి "బంతి దీనిమీద పడాలి" అనడం తరచుగా మేలు చేస్తుంది. బంతి ఎక్కడ పడిందో అభ్యాసకుడికే కనిపిస్తుంది కనుక, కోచ్ తీర్పు చెప్పనక్కరలేదు.

(ఇ) సూచనల్లో పొదుపు: ప్రతి దెబ్బకూ వ్యాఖ్యానిస్తే అభ్యాసకుడు దానిపైనే ఆధారపడతాడని, అది ఆగిపోగానే తడబడతాడని సల్మోని, ష్మిత్, వాల్టర్ 1984లో వివరించారు. మంచి కోచ్ కొన్ని బంతులు ఆడనిచ్చి, ముందుగా "ఏమైందంటారు?" అని అడుగుతారు.

(ఈ) సాధనలో మార్పు: వేర్వేరు పనులను కలిపి సాధన చేసినవారు ఆ సమయంలో ఎక్కువగా తడబడినా, తర్వాత బాగా గుర్తుంచుకున్నారని షే, మోర్గాన్ 1979లో చూపారు. అందువల్ల ఫోర్‌హ్యాండ్ కాస్త కుదిరాక బ్యాక్‌హ్యాండ్‌తో కలిపి ఆడించాలి. ఈ సంగతి ముందే చెప్పకపోతే అభ్యాసకుడు తన ఆట దిగజారుతోందని నిరాశపడతాడు.

(ఉ) శరీరంపై శ్రద్ధ: భుజం నొప్పి, మోకాలి నొప్పి, రక్తపోటు, మధుమేహం ఉన్నాయేమో ముందే తెలుసుకోవాలి. ఆటకు ముందు ఒళ్లు వేడెక్కించే వ్యాయామం తప్పనిసరి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం వంటివి కనిపిస్తే వెంటనే ఆట ఆపించి వైద్యసహాయం అందించాలి.

5.5 ఒక ఉదాహరణ

మిర్యాలగూడలో రైస్‌మిల్లు లెక్కలు రాసే నలభై రెండేళ్ల వ్యక్తి ఆట నేర్చుకుంటున్నాడనుకుందాం. బ్యాక్‌స్పిన్‌తో వచ్చిన ప్రతి సర్వీసునూ ఆయన నెట్‌కు కొడుతున్నాడు. ఒక కోచ్ "బ్యాట్ పైకి! మోకాళ్లు వంచండి! ఎన్నిసార్లు చెప్పాలి?" అంటారు. ఆయన కంగారులో ఇంకా గట్టిగా కొడతాడు. బంతి మళ్లీ నెట్‌కే తగులుతుంది.

మరో కోచ్ బంతిని చేత్తో తిప్పి చూపి, వెనక్కి తిరుగుతూ వచ్చే బంతి బ్యాట్‌కు తగలగానే కిందికి జారుతుందని చెబుతారు. బ్యాట్ ముఖాన్ని కొద్దిగా పైకి తెరిచి, బంతి అడుగుభాగాన్ని ఒరుసుకుంటూ తోయమంటారు. తర్వాత పది బంతులిచ్చి, ఎన్ని నెట్ దాటాయో ఆయననే లెక్కపెట్టమంటారు. ఇప్పుడు ఆయన దగ్గర ఒక సూత్రం ఉంది: బంతి నెట్‌కు తగిలితే బ్యాట్ ఇంకాస్త తెరవాలి, మరీ పైకి లేస్తే కాస్త మూయాలి. ఇక కోచ్ రాని రోజున కూడా ఆయన సాధన ఆగదు.

5.6 కోచ్‌ను ఎంచుకోవడం

పటియాలాలో 1961లో ఏర్పడిన జాతీయ క్రీడాసంస్థ కోచింగ్‌లో డిప్లొమా ఇస్తుంది. అటువంటి అర్హత ఆట పరిజ్ఞానానికి నిదర్శనం. అయితే చేరే ముందు ఒక తరగతిని స్వయంగా చూసి ఈ మూడు విషయాలు గమనించండి: ఎవరు ఎక్కువగా మాట్లాడుతున్నారు? తప్పు జరిగినప్పుడు కోచ్ అడుగుతున్నారా, గద్దిస్తున్నారా? ఇంటికి వెళ్లేటప్పుడు అభ్యాసకులకు సొంతంగా చేయడానికి ఒక పని ఉందా?

5.7 సారాంశం

వయోజనులకు సమయం తక్కువ, అనుభవం ఎక్కువ. వారి అనుభవాన్ని గుర్తించి, ఒకసారికి ఒక్క విషయం చెప్పి, కారణం వివరించి, తప్పును వారిచేతనే కనిపెట్టించే కోచ్ మంచి కోచ్.

5.8 మాదిరి ప్రశ్నలు

1. వయోజనుల పూర్వానుభవం ఆట నేర్చుకోవడంలో ఎప్పుడు సహాయపడుతుంది, ఎప్పుడు అడ్డుపడుతుంది?
2. ప్రతి దెబ్బకూ సూచన ఇవ్వడం వల్ల కలిగే నష్టమేమిటి?
3. మీకు తెలిసిన ఏదైనా పని (ఈత, కుట్టుపని, మోటారు సైకిలు నడపడం) ఒక వయోజనుడికి నేర్పవలసి వస్తే, మొదటి రోజు పాఠాన్ని ఎలా రూపొందిస్తారు?